బస్సు: తోక మాత్రమే మిగిలిన మాట

తమిళనాడు విరుదునగర్ జిల్లా రాజపాళయం తాలూకాలోని చోళపురం వంటి ఊళ్ల తెలుగువారికి ఒకే వాహనానికి మూడు పేర్లు వినవస్తాయి. తమిళ బోర్డుపై అది 'పేరుందు', నోటిమాటలో 'బస్సు', రాత్రివేళ చెన్నైకి పోయే ప్రైవేటు బండి అయితే 'ఆమ్నీ బస్సు'.

చివరి రెండింటికీ మూలం ఒక్కటే. 'ఆమ్నిబస్' లాటిన్ పదం. 'అందరికీ' అని దాని అర్థం. 1820లలో ఫ్రాన్సులోని నాంత్ నగరంలో మొదలై, 1828లో పారిస్‌కు, 1829లో లండన్‌కు చేరిన గుర్రపు బండ్లకు ఈ పేరు స్థిరపడింది. కిరాయి చెల్లించిన వారెవరైనా వాటిని ఎక్కవచ్చును. కాలక్రమంలో పదం ముందుభాగం రాలిపోయి 'బస్' నిలిచింది. అది విభక్తి ప్రత్యయంలోని తునక మాత్రమే. 'అందరికీ' అన్న మాటలో 'అందరి' పోయి 'కీ' మిగిలినట్లన్నమాట!

చట్టం మాత్రం పూర్తి పేరును విడువలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవరు గాక ఆరుగురికి మించి ప్రయాణించేందుకు నిర్మించిన మోటారు వాహనం ఏదైనా ఆమ్నిబస్సే. తమిళనాట వాడుకలో ఆ పేరు దూరప్రయాణపు ప్రైవేటు బస్సులకే పరిమితమైంది.

విచిత్రమేమంటే, 'అందరికీ' అన్న పేరును పూర్తిగా నిలుపుకొన్న బండి ఛార్జీయే దీపావళి, పొంగల్ రోజులలో సామాన్యునికి తరచు అందకుండా పోతుంది. తోక మాత్రమే మిగిలిన ప్రభుత్వ బస్సులలో, సాధారణ టౌన్ సర్వీసులపై, 2021 మే నెలలో స్త్రీలకు ఉచిత ప్రయాణం ప్రారంభమైంది. మాటలో రాలిపోయిన 'అందరూ' ఆ బస్సులోనే కనిపిస్తారు.