‘గ్రావిటీ’ : మాటలో దాగిన బరువు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ‘గ్రావిటీ’ అనే ఇంగ్లీషు మాటకున్న రెండు అర్థాలను చెప్పగలుగుతారు.
• ఆ మాట పుట్టుకను, దాని బంధువులైన మాటలను గుర్తించగలుగుతారు.
• నిత్యజీవితంలో ఆ మాటలు ఎదురైనప్పుడు వాటి భావాన్ని గ్రహించగలుగుతారు.

1. రెండు అర్థాలు

‘గ్రావిటీ’ అనగానే మీకు చెట్టు నుంచి రాలే పండు గుర్తుకు రావచ్చు. భూమి వస్తువులను తనవైపు లాగుకొనే శక్తిని విజ్ఞానశాస్త్రంలో గ్రావిటీ అంటారు. కాని “ఆ సంఘటన గ్రావిటీని ఎవరూ గుర్తించలేదు” అన్నప్పుడు ఆ మాటకు అర్థం వేరు. అక్కడ అది తీవ్రతను, అంటే తేలికగా తీసుకోరాని స్వభావాన్ని తెలుపుతుంది.

వీటిలో ఇంగ్లీషులోకి ముందు వచ్చింది ఏది? చాలామంది శాస్త్రార్థమే అనుకుంటారు. నిజానికి గాంభీర్యం అనే అర్థమే ముందుది. అది 16వ శతాబ్దిలో వాడుకలోకి వచ్చింది. శాస్త్రార్థం 17వ శతాబ్దిలో స్థిరపడింది. న్యూటన్ తన ‘ప్రిన్సిపియా’ గ్రంథాన్ని ప్రచురించింది 1687లో.

2. మాట పుట్టుక

ఈ మాటకు మూలం లాటిన్ భాషలోని ‘గ్రవిస్’. దాని అర్థం బరువైనది. దాని నుంచి ‘గ్రవితాస్’ ఏర్పడింది. ప్రాచీన రోమనులు బాధ్యతగల మనిషిలో ఉండవలసిన నిండుతనాన్ని ఈ మాటతో చెప్పేవారు.

ఇప్పుడు సంస్కృతంలోని ‘గురు’ శబ్దాన్ని చూడండి. దానికీ మొదటి అర్థం బరువైనది అనే. ‘గురుతరమైన బాధ్యత’ అని మనం అంటాం కదా! ‘గౌరవం’ కూడా ‘గురు’ నుంచి పుట్టినదే. ఒకరిని గౌరవించడమంటే వారి మాటకు బరువు ఇవ్వడమే.

ఛందస్సులో మీరు గురువు, లఘువు అనే మాటలు విని ఉంటారు. లాటిన్‌లో ‘గ్రవిస్’కు వ్యతిరేకపదం ‘లెవిస్’, అంటే తేలికైనది. గురు–గ్రవిస్, లఘు–లెవిస్ జంటలు ఒకే మూలం నుంచి వచ్చినవి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండవచ్చునని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగంలో చెప్పాడు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందిన భాష. ‘గురు’, ‘లఘు’ అనేవి సంస్కృతం నుంచి మనం తెచ్చుకొన్న తత్సమాలు.

3. బంధువులైన మాటలు

కలెక్టరు కార్యాలయంలో అర్జీ ఇవ్వడానికి ‘గ్రీవెన్స్’కు వెళ్లామని చెప్పేవారిని మీరు చూసి ఉంటారు. ఆ మాట కూడా ‘గ్రవిస్’ నుంచి ఫ్రెంచి భాష ద్వారా వచ్చినదే. మనసు మీద పడిన భారమే గ్రీవెన్స్.

గాయాల విషయంలో వాడే ‘గ్రీవియస్’ అనే మాట మరింత ముఖ్యమైనది. కొట్లాట కేసుల్లో డాక్టరు ఇచ్చే పత్రంలో గాయం ‘సింపుల్’ అనో, ‘గ్రీవియస్’ అనో ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 116వ సెక్షను ఎనిమిది రకాల గాయాలను గ్రీవియస్‌గా పేర్కొంది. ఎముక గాని, పన్ను గాని విరగడం, ఒక కంటిచూపు శాశ్వతంగా పోవడం, గాయం వల్ల 15 రోజులపాటు రోజువారీ పనులు చేసుకోలేకపోవడం వాటిలో కొన్ని. పాత శిక్షాస్మృతిలో ఈ గడువు 20 రోజులు. గాయం గ్రీవియస్ అయితే శిక్షా పెరుగుతుంది. కాబట్టి పత్రంలో ఆ ఒక్క మాటను గుర్తుపట్టగలగడం బాధితునికి ఎంతో అవసరం.

4. ఒక హెచ్చరిక

సమాధిని కూడా ఇంగ్లీషులో ‘గ్రేవ్’ అంటారు. తీవ్రమైనది అనే అర్థంగల ‘గ్రేవ్’కూ దానికీ సంబంధం లేదు. సమాధి అనే అర్థంగల మాట ‘తవ్వు’ అనే అర్థంగల పాత ఇంగ్లీషు ధాతువు నుంచి వచ్చింది. అక్షరాలు ఒకటే, పుట్టుకలు వేరు.

5. సారాంశం

గ్రావిటీ అంటే ముఖం ముడుచుకోవడం కాదు. విషయానికి తగిన బరువు ఇవ్వడం. ఈ ఒక్క భావం గుర్తుంటే పై మాటలన్నీ మీకు సులభంగా బోధపడతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘గ్రవిస్’, ‘గురు’ శబ్దాల సమానార్థం ఏమిటి?
2. ‘గౌరవం’ అనే మాటలో బరువు అనే భావం ఎలా ఉంది?
3. సింపుల్, గ్రీవియస్ గాయాల తేడా బాధితునికి ఎందుకు ముఖ్యం? మీ మాటల్లో రాయండి.