డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనలును, మధుమేహ విషయమున వాని ప్రయోజనమును

మధుమేహ మనగానే చక్కెరయు, ఇన్సులిన్ అను ఔషధమును జనులకు జ్ఞప్తికి వచ్చును. తిన్న అన్నమునుండి పుట్టిన ఆ చక్కెర కండరములలో ప్రవేశించి పనిచేయు శక్తిగా ఎట్లు మారుచున్నదో విచారించువారు అరుదు. ఈ రెండవ విషయమునకు పునాది వేసిన పరిశోధకులలో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు (1895–1948) ఒకరు. తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన భిలాయి ఉక్కునగరములో సుపేలా వంటి పేటల ఆరోగ్యభారము వహించు పురపాలక, తాలూకా అధికారులకు ఈ పేరు విన్నదే కావచ్చును గాని, వారి పరిశోధనకును తమ పేటలోని కాలిబాటకును గల సంబంధము స్ఫురించి యుండదు. దానిని విశదపరచుటకే ఈ వ్యాసము.

సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1922వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమునకు వెళ్లిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, జీవనోపాధికై ఒక ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరు పని చేసిరి. పిదప సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో గూడి, రక్తము, మూత్రము మొదలగు వానిలో భాస్వర మెంత గలదో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డినము గల లవణమును, పిమ్మట మరియొక రసాయనమును చేర్చినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము హెచ్చిన కొలది నీలము చిక్కబడును. పరిమాణము తెలిసిన ద్రవపు రంగుతో దీనిని పోల్చి లెక్క తేల్చుదురు. చూచుటకిది గుమాస్తాపని వంటిదే.

అయితే కండరమునుండి తీసిన రసమును పరీక్షించినప్పుడు రంగు వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా చిక్కబడుచు వచ్చెను. పద్ధతియే చెడినదని త్రోసివేయుట సులభము. వారట్లు చేయక, ఏదో అస్థిరపదార్థము ఆమ్లములో విరిగి తనలోని భాస్వరమును కొంచెము కొంచెముగా విడుచుచున్నదని గ్రహించిరి. 1927లో ప్రకటింపబడిన ఫాస్ఫోక్రియాటిన్ అదియే. కండరము పనిచేయునప్పుడు ఇది తరుగును. విశ్రమించినప్పుడు మరల పెరుగును. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అదే కాలమున దీని జాడ తీసిరి. లాక్టిక్ ఆమ్లమే కండరసంకోచమునకు మూలమని అంతవరకు ప్రబలియుండిన సిద్ధాంతము దీనితో కదలిపోయి, 1930లో డెన్మార్కు దేశీయుడగు లుండ్స్‌గార్డ్ చేసిన ప్రయోగములతో కూలినది.

1929లో ఫిస్క్, సుబ్బారావు గార్లు ఏటీపీ యని నేడు వ్యవహరింపబడు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కండరమున కనుగొనిరి. జర్మనీలో లోమన్ అను నతడును ఆ సంవత్సరముననే స్వతంత్రముగా కనుగొనెను. మనవారు కొందరు ఈ కీర్తి నంతయు సుబ్బారావు గారికే కట్టబెట్టుదురు; డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్‌ను గూడ వారి పేరనే చెప్పుదురు. సత్యమైన కీర్తియే చాలినంత ఉండగా ఈ యెరువు సొమ్ము వారికేల?

దేహములోని ప్రతి కణమును శక్తిని ఏటీపీ రూపముననే వెచ్చించును. మధుమేహమునకు దీనితో గల సంబంధము సుబ్బారావు గారి మరణానంతరము ఇతరుల వలన తేలినది. క్లోమములోని బీటా కణములలో చక్కెర దగ్ధమై ఏటీపీ పెరిగినచో, కణపు పొరయందలి పొటాషియము ద్వారములు మూసికొనును, కాల్షియము లోనికి వచ్చును, ఇన్సులిన్ వెలువడును. సల్ఫోనిల్యూరియా మాత్రలు మూయునది ఈ ద్వారములనే. ఇక నడచుచున్న మనుష్యుని కండరములో ఏటీపీ ఖర్చై, దాని శేషమగు ఏఎంపీ హెచ్చగా, ఒక ఎంజైము మేల్కొనును. ఇతర మార్గములతో పాటు దీని వలనను కండరము ఇన్సులిన్ కొరకు వేచియుండక రక్తములోని చక్కెరను లోనికి లాగుకొనును. ఇన్సులిన్ సరిగా పనిచేయని రోగికి సైతము నడక ఉపకరించుటకు కారణ మిదియే.

1940లో వారు హార్వర్డును విడిచి లెడర్లీ పరిశోధనశాలలో చేరిరి. ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణము, ఫైలేరియాకు నేటికిని ఇచ్చుచున్న డైఇథైల్ కార్బమజీన్ అను మందు, అచ్చటి వారి బృందము పనులు. 1948 ఆగస్టులో, 53వ యేట, మరణించిరి.

కావున నడకదారి వేయించుట ఉద్యానశోభకై చేయు వ్యయమని అధికారులు తలపరాదు. కర్మాగారమున శరీరశ్రమ చేసి విశ్రాంతి పొందినవారికిని, దినమంతయు కుర్చీలో గడుపు వారి సంతతికిని, ఆక్రమణలు లేని కాలిబాటయు, సాయంకాలము దీపములు వెలుగు మైదానమును చికిత్సలో భాగములే. ఇన్సులిన్ గాని, సల్ఫోనిల్యూరియా మాత్రలు గాని వాడువారు దీర్ఘదూరము నడచినచో చక్కెర మితిమీరి తగ్గవచ్చును. చెమట, వణకు, తడబాటు దాని గుర్తులు. మైదానపు కావలివారు ఈ గుర్తులెరిగి, దగ్గర చక్కెర నుంచుకొనవలెను. స్మృతి గలవానికి చక్కెర నీళ్లు ఈయవలెను. స్మృతి తప్పినవాని నోట ఏమియు పోయక, తక్షణము ఆసుపత్రికి చేర్పవలెను.