వంటింటి తడి చెత్తతో ఇంట్లోనే కంపోస్టు: మొదలుపెట్టడం ఎలా?

ఢిల్లీ తూర్పు అంచున ఉన్న గాజీపూర్ చెత్త గుట్టలో కొంత భాగం 2017 సెప్టెంబరు 1న ఒక్కసారిగా కూలిపోయింది. జారిపడిన చెత్త ధాటికి పక్క రోడ్డుపై వెళ్తున్న వాహనాలు కాలువలో పడిపోయాయి. ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఆ గుట్టకు వేసవిలో తరచూ నిప్పంటుకుంటుంది, పొగ చుట్టుపక్కల కాలనీలను కమ్మేస్తుంది. 2023 మార్చిలో కేరళలోని కొచ్చి శివారు బ్రహ్మపురంలో చెత్త కుప్పలు అంటుకుని రోజుల తరబడి ఆరలేదు. నగరవాసులు మాస్కులు ధరించాల్సి వచ్చింది.

ఆ గుట్టల్లో చేరేది మన ఇళ్ల నుంచి వెళ్లినదే. భారతీయ నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్త. కూరగాయల తొక్కలు, పండ్ల చెక్కులు, టీ పొడి, వాడిన పూలు, మిగిలిన అన్నం ఇందులోకి వస్తాయి. ఈ భాగాన్ని ఇంట్లోనే ఎరువుగా మార్చుకోవడానికి పెరడు ఉండనవసరం లేదు. బాల్కనీలో రెండు బకెట్లు పట్టే చోటు చాలు.

గాలి ఉంటే ఎరువు, లేకుంటే కంపు

ఏ సేంద్రియ పదార్థమైనా కుళ్లక తప్పదు. ఎలా కుళ్లుతుందన్నదే ముఖ్యం. గాలి తగిలే చోట సూక్ష్మజీవులు చెత్తను కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా, నల్లని సారవంతమైన పదార్థంగా మారుస్తాయి. అడుగున నలిగిపోయి గాలి అందని చోట వేరే రకం సూక్ష్మజీవులు పనిచేస్తాయి. వాటి వల్ల మీథేన్ వాయువు, దుర్వాసన, మురుగు ద్రవం పుడతాయి. డంపింగ్ యార్డుల్లో మంటలకు ఊతమిచ్చేది ఈ మీథేనే. వందేళ్ల కాలానికి లెక్కిస్తే, అదే బరువున్న కార్బన్ డయాక్సైడు కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు కూడా ఇదే.

ఈ విద్య మనకు కొత్తది కాదు. పేడ, ఊడ్చిన చెత్త, పశువులు తినగా మిగిలిన గడ్డిని పెంటకుప్పలో మాగబెట్టి, తొలకరికి ముందు బండ్లతో పొలానికి తోలడం తెలుగు పల్లెల్లో తరతరాల అలవాటు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ ఇండోర్‌లో పనిచేస్తూ, పొలం వ్యర్థాలను పొరలుగా పేర్చి తిరగదిప్పే పద్ధతికి క్రమబద్ధమైన రూపమిచ్చారు. సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దాన్ని గ్రంథస్థం చేశారు. అదే ‘ఇండోర్ పద్ధతి’గా పేరుపొందింది. బాల్కనీ బకెట్టులో జరిగేది దాని చిన్న రూపమే.

ఏమేం కావాలి?

మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు లేదా మట్టి కుండలు రెండు తీసుకోవాలి. ఒకటి నిండి మాగుతుండగా రెండోదాన్ని వాడుకోవచ్చు. బకెట్టు చుట్టూ, అడుగున చిన్న రంధ్రాలు చేసి, కారే నీటి కోసం కింద పళ్లెం పెట్టాలి. ఎండ నేరుగా పడని, వాన జల్లు కొట్టని చోట ఉంచాలి.

తర్వాత కావలసినది పొడి సరుకు: ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, చింపిన అట్ట ముక్కలు. కొత్తగా మొదలుపెట్టిన వారిలో చాలామంది విఫలమయ్యేది దీన్ని ముందుగా సమకూర్చుకోకపోవడం వల్లే. చెట్ల ఆకులు రాలే కాలంలో ఒక గోనెసంచి నింపి పెట్టుకుంటే నెలల తరబడి సరిపోతుంది.

మొదటి విడతకు సూక్ష్మజీవులను అందించడానికి గుప్పెడు పాత కంపోస్టు, లేదా కొంచెం పేడనీళ్లు, లేదా పుల్లమజ్జిగ చాలు. ప్రత్యేకంగా పొడులు కొనవలసిన అవసరం లేదు.

రోజువారీ పద్ధతి

బకెట్టు అడుగున రెండు, మూడు అంగుళాల మందాన ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు పరవాలి. ఆనాటి తడి చెత్తను నీరు వంచేసి, చిన్న ముక్కలుగా చేసి దానిపై వేయాలి. ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా మాగుతుంది. పైన చెత్త ఏమాత్రం కనబడకుండా పొడి సరుకు కప్పాలి. పరిమాణంలో ఒక వంతు తడి చెత్తకు ఒకటి నుంచి రెండు వంతుల పొడి సరుకు వేయడం మంచి కొలత.

ఈ కొలతకు కారణం ఉంది. సూక్ష్మజీవులకు శక్తినిచ్చేది కర్బనం, శరీర నిర్మాణానికి తోడ్పడేది నత్రజని. కుప్పలో ఒక పాలు నత్రజనికి సుమారు 25 నుంచి 30 పాళ్లు కర్బనం ఉన్నప్పుడు పని సాఫీగా సాగుతుంది. వంటింటి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. రెండూ కలిస్తేనే సమతూకం వస్తుంది. పొడి సరుకు అదనపు తేమను పీల్చుకుంటుంది, గాలి ఆడేందుకు సందులు కూడా కల్పిస్తుంది.

మూడు, నాలుగు రోజులకోసారి కర్రతో అడుగు దాకా కలియబెట్టాలి. తేమ సరిపోయిందో లేదో చేత్తోనే తెలుసుకోవచ్చు. గుప్పెడు తీసి గట్టిగా పిండినప్పుడు ఒకటి, రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే పొడి సరుకు కలపాలి. అసలు ముద్దగా నిలవకపోతే కాసిన్ని నీళ్లు చల్లాలి.

బకెట్టు నిండాక కొత్త చెత్త వేయడం ఆపి, వారానికోసారి కలియబెడుతూ ఒకటిన్నర నుంచి రెండు నెలలు మాగనివ్వాలి.

ఏవి వేయకూడదు?

మాంసం, చేపలు, ఎముకలు, పాల పదార్థాలు, నూనె ఎక్కువగా ఉన్న కూరలు కొత్తవారు వేయకపోవడమే మేలు. అవి ఎలుకలను, ఈగలను రప్పిస్తాయి. కుక్క, పిల్లి మలం అసలే వేయకూడదు. తెగులు సోకిన మొక్కలు, విత్తనాలు పట్టిన కలుపు కూడా పనికిరావు. పెద్ద కుప్పల్లో వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి తెగులు కారకాలను, కలుపు విత్తనాలను చంపుతుంది. చిన్న బకెట్టులో అంత వేడి నిలవదు. మామిడి టెంక, కొబ్బరి చిప్ప వంటివి మాగడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి వేరుగా ఉంచాలి.

సమస్యలు, పరిష్కారాలు

కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి తక్కువైందని, తడి ఎక్కువైందని అర్థం. పొడి సరుకు వేసి బాగా కలపాలి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే నత్రజని ఎక్కువైనట్టు. దానికీ మందు ఎండుటాకులే. వాసన పోగొట్టడానికి సున్నం చల్లడం మాత్రం సరికాదు. సున్నం వల్ల నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది, ఎరువు సారం తగ్గుతుంది.

పురుగులు కనబడగానే చాలామంది భయపడి బకెట్టు పారేస్తారు. అవి కూడా చెత్తను తినే జీవులే, వాటి వల్ల ఎరువుకు నష్టం లేదు. తడి ఎక్కువైందని చెప్పే గుర్తులవి. పొడి సరుకు పెంచి, కొంచెం వేపపిండి కలిపితే తగ్గుతాయి. తెల్లని బూజు పడితే సాధారణమేనని భావించాలి. అయితే ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు కలియబెట్టే పని ఇతరులకు అప్పగించడం మంచిది.

ఎరువు సిద్ధమైందా?

వేసిన వస్తువులేవీ గుర్తుపట్టలేనంతగా నల్లగా, పొడిపొడిగా మారి, తొలకరి జల్లుకు తడిసిన నేల వాసన వస్తే మాగినట్టే. అనుమానం ఉంటే చిన్న గిన్నెలో కంపోస్టు, మరో గిన్నెలో మట్టి తీసుకుని రెండింటిలో కాసిని పెసలు వేసి చూడాలి. మట్టిలో మొలిచి కంపోస్టులో మొలవకపోతే మరికొన్ని వారాలు ఆగాలి. పచ్చి ఎరువు వేళ్లకు హాని చేస్తుంది. మాగినది కూడా మూడు వంతుల మట్టికి ఒక వంతు చొప్పున కలిపి వాడితే చాలు.

ఒక్క ఇంటితో మారుతుందా?

2016లో నోటిఫై చేసిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను ఉత్పత్తి చేసిన చోటే వేరుచేయాలని ఆదేశించాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ సముదాయాలు, సంస్థలు వీలైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే శుద్ధి చేయాలని పేర్కొన్నాయి. అపార్టుమెంటులో ఒక కుటుంబం విజయవంతంగా చేసి చూపితే, సంఘం సమావేశంలో ఈ ప్రస్తావన తేవడం సులువవుతుంది.

తడి చెత్త కలవకపోతే మిగిలిన కాగితం, ప్లాస్టిక్, గాజు శుభ్రంగా ఉంటాయి. వాటిని ఏరి బతికే కార్మికుల చేతులు కుళ్లులో పెట్టాల్సిన పని తప్పుతుంది. మొదటి బకెట్టు ఎరువు పెరటి కరివేపాకు చెట్టుకు ఎంత మేలు చేస్తుందో, ఊరి చివర చెత్త గుట్ట పక్కన నివసించే వారికీ అంతే మేలు చేస్తుంది.