కూరొక్కటే తింటే చాలునా?

పెద్దకూర తింటారు కాబట్టే మీకు ఈ రోగాలు అనే మాట దళితవాడల్లో మేము చాలాసార్లు విన్నాం. ఇప్పుడు దానికి తిరగేసిన మాట ఒకటి బయలుదేరింది. అన్నం, రొట్టె, పప్పు, ఆకుకూర అన్నీ మానేసి మాంసం ఒక్కటే తింటే షుగరు దిగుతుందట, సకల రోగాలూ పోతాయట. మొదటి మాట మాంసాన్ని విషం చేస్తే, రెండోది అమృతం చేస్తున్నది. ఈ రెంటినీ పక్కన పెట్టి అసలు సంగతి ఏమిటో చూద్దాం.

మాంసంలో బలముందన్నది వట్టి మాట కాదు. కొవ్వు తీసిన 100 గ్రాముల పచ్చిమాంసంలో సుమారు 20 గ్రాముల ప్రొటీను ఉంటుంది. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కన్నా తేలిగ్గా ఒంటికి పడుతుంది. పైగా జొన్నల్లో, ఆకుల్లో ఉన్న ఇనుమును కూడా పట్టేట్టు చేస్తుంది. బి12 విటమిను మొక్కల నుంచి రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో అటు ఆంధ్రప్రదేశ్‌లో, ఇటు తెలంగాణలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఇట్లాంటి చోట పేదలకు అందే మాంసాన్ని అపవిత్రమనడం మతం సంగతి మాత్రమే కాదు, ఆడవాళ్ల నెత్తురు సంగతి కూడా.

మరి మాంసం ఒక్కటే చాలదా? 1928లో న్యూయార్కులో స్టెఫాన్సన్ అనే ధ్రువప్రాంత యాత్రికుడు, ఆయన సహచరుడు ఆండర్సన్ డాక్టర్ల పర్యవేక్షణలో ఏడాదిపాటు మాంసమే తిన్నారు. కొవ్వు లేని మాంసం మాత్రమే పెట్టినప్పుడు స్టెఫాన్సన్‌కు కొద్దిరోజుల్లోనే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. కొవ్వు కలిపాక తగ్గాయి. ఏడాది చివర ఇద్దరూ బాగానే ఉన్నారు. అయితే ఇద్దరు మనుషులు, ఒక్క ఏడాది - ఇది లోకానికంతటికీ రుజువు కాదు. ధ్రువప్రాంతపు ఇన్యూట్లు కూడా కండ ఒక్కటే తినరు. కొవ్వు, కార్జం, తోలు తింటారు, కొంత పచ్చిగా తింటారు, దొరికినప్పుడు పండ్లూ తింటారు.

ఒట్టి మాంసంలో పీచు ఉండదు, బాగా ఉడికిస్తే సి విటమిను మిగలదు. కొందరికి చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాస్తాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు అంత ప్రొటీను ప్రమాదం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం, ఉప్పు పట్టించి, పొగబెట్టి నిలవచేసిన మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతుందని తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే ఆ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. మామూలు ఎర్రమాంసాన్ని మాత్రం 'బహుశా కారణం' అనే జాబితాలో పెట్టింది. ఉప్పు రాసి ఎండేసిన మన తునకలు కూడా మొదటి నిర్వచనం కిందికే వస్తాయి. మనకు ఎంత ఇష్టమైనవైనా ఈ నిజం చెప్పుకోక తప్పదు. అప్పుడప్పుడు తినడం వేరు, రోజూ తినడం వేరు.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమన్నారు. ఊరి గొడ్డు చస్తే మనచేత మోయించి, ఆ మాంసం తిన్నందుకు మనల్నే అంటరానివాళ్లన్న వ్యవస్థ మీద తిరుగుబాటు అది. వైద్యం చెప్పేదీ అదే. దొమ్మరోగంతో చచ్చిన పశువును కోసినా తిన్నా ప్రాణానికే ముప్పు. ఆ క్రిమి బీజాలు మామూలు ఉడుకుకు చావవు.

నిజానికి మన వాడల్లో ఎవరూ కూరొక్కటే తిని బతకలేదు. జొన్నరొట్టెలోకో గటకలోకో ఇంత కూర. అందులో గోంగూరో, చింతచిగురో, దోసకాయో. కండ దొరకనినాడు బోటి, కార్జం, నల్ల, మూలుగబొక్క. లేమిలో పుట్టిన వంటే అయినా పీచు, పులుపు, ఇనుము, బి12 ఒకే చట్టిలో ఉడికాయి. కార్జంలో ఎ విటమిను మరీ ఎక్కువ కాబట్టి గర్భిణులు మాత్రం దాన్ని తగ్గించుకోవాలి.

ఆ వంటను గొప్ప చేసి చూపడం మా ఉద్దేశం కాదు. చాలా ఇండ్లల్లో కూర దొరికిందే పండుగనాడో సంతనాడో. మన వాళ్లకు కావలసింది ఒట్టి మాంసపు మోజు కాదు, మాంసం మీద నిషేధమూ కాదు. ఆరోగ్యంగా ఉన్న పశువు, శుభ్రమైన కోత, పక్కన ఇంత ఆకుకూర, పప్పు, రొట్టె - ఇవి ఎవరికీ భయపడకుండా, సిగ్గుపడకుండా కొనుక్కుని తినగలగాలి.