పెరటి చెట్టుకు తొర్ర పడితే

అనంతపురం వంటి కరువుసీమలో పెరటి వేపచెట్టంటే ఎండాకాలం మనకు రెండో వసారా. దాని మొదట్లో తొర్ర కనబడగానే "కొట్టించెయ్యండి" అంటారు కొందరు, "సిమెంటు పూడ్పించండి" అంటారు ఇంకొందరు. తొందరపడకండి.

కొమ్మ విరిగినచోట, గొడ్డలి దెబ్బ తగిలినచోట శిలీంధ్రం చేరి కర్రను కుళ్లబెడుతుంది. చెట్టు మన ఒంటిలా పుండు మాన్చుకోలేదు. చెడిన భాగం చుట్టూ లోపల అడ్డుగోడ కట్టి, దానిపైన కొత్త కర్ర పెంచుకుంటుంది. అలెక్స్ షైగో అనే అమెరికా శాస్త్రవేత్త వేలాది చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలో ఈ సంగతి వివరించారు. నీళ్లు పైకి పాకేది బెరడు దగ్గరి కొత్త కర్రలోంచే గనుక, నడుమ డొల్లయినా చెట్టు పచ్చగానే ఉంటుంది.

అందుచేత తొర్రను ఉలితో గీకించకండి, నీరు పోవడానికని బెజ్జం వేయించకండి. అడ్డుగోడ తెగి కుళ్లు ముందుకు పాకుతుంది. సిమెంటూ వద్దు. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. సందులో తేమ నిలుస్తుంది. తారు పూసినా లాభం లేదు. ముందు పొడుగాటి కర్రతో కదిపి, పాములూ తేళ్లూ లేవని చూసుకుని, ఊడివచ్చే పొట్టు మాత్రం తీసేయండి.

మరి చెట్టు నిలుస్తుందా? మాను నడిమి నుంచి బెరడు దాకా అడుగుంటే, చుట్టూ నాలుగంగుళాలైనా గట్టి కర్ర ఉండాలని ఒక మోటు లెక్క. తొర్ర నోరు పెద్దదైతే అదీ చాలదు. మొదట్లో పుట్టగొడుగులు లేచినా, నేల పగిలినా, చెట్టు కొత్తగా ఒరిగినా ఆలస్యం చేయకండి. పిల్లల ఉయ్యాల విప్పేసి, తెలిసినవారిని పిలిచి చూపించండి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆసరా స్తంభాలు కట్టారు. ఆ మందు విషం. బావీ వంటిల్లూ ఉన్న పెరట్లో మనం చేయదగ్గ పని కాదది.

మనం చేయగలిగింది నీళ్లు పోయడం. మొదట్లో కాదు, కొమ్మల అంచు కింద, వేసవిలో పదిహేను రోజులకొకసారి లోతుగా తడపండి. పైన చెనిక్కాయ పొట్టు పరచండి, మానుకు జానెడు ఎడంగా. అడ్డుగోడ కట్టుకునే బలం చెట్టుకు ఆ తడి నుంచే వస్తుంది.