డీవో

అమెరికాలో డాక్టరు పేరు పక్కన ఎండీకి బదులు డీవో అని ఉంటే, ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీలో చదివారన్నమాట. (అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్‌లా తొలి వైద్య డిగ్రీ, పీజీ కాదు.) ఇలాంటి మొదటి కాలేజీని 1892లో మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ పెట్టారు. మందులు రాయడం, ఆపరేషన్లు చేయడం... ఎండీలకున్న హక్కులన్నీ డీవోలకూ ఉన్నాయి. అదనంగా చేతులతో కండరాలు, కీళ్లు సరిచేసే పద్ధతి సుమారు 200 గంటలు నేర్పుతారు. నడుం నొప్పికి అది కొంత పనికొస్తుంది. పుర్రె ఎముకలు సవరించే క్రేనియల్ పద్ధతికి మాత్రం గట్టి రుజువు లేదు, అయినా పాఠాల్లోంచి పోలేదు.

డీవోలో చేరాలనుకునేవారు అసలు చూడాల్సింది ఆసుపత్రి శిక్షణ మొదలయ్యే మూడో ఏడాది. చాలా డీవో కాలేజీలకు సొంత బోధనాసుపత్రి ఉండదు. ఒక ఆసుపత్రిలో సర్జరీ, ఇంకో ఊళ్లో పిల్లల వైద్యం అంటూ విద్యార్థి తిరగాల్సి రావచ్చు. పరిశోధన అవకాశాలూ తక్కువే. 2020 నుంచి ఎండీ, డీవోల రెసిడెన్సీల (పీజీ శిక్షణ) గుర్తింపు వ్యవస్థ ఒకటే అయినా, న్యూరోసర్జరీ లాంటి సీట్లకు ఎండీలదే పైచేయి. అందుకే చాలామంది డీవో విద్యార్థులు తమ లైసెన్సు పరీక్ష కామ్లెక్స్‌తోపాటు ఎండీలు రాసే యూఎస్ఎంఎల్ఈ కూడా రాస్తారు. రెండు ఫీజులు, రెండింతల చదువు! ఫ్యామిలీ మెడిసిన్ కోరుకునేవారికి ఇవేవీ పెద్ద అడ్డంకులు కావు.