రెండవ గోల్‌కీపరు

హాకీ ఆట చూచేవారి దృష్టి సాధారణంగా బంతిని ముందుకు తీసుకొనిపోయేవారి మీదనే నిలుస్తుంది. గోలు కొట్టినవారి పేరు మరునాటి పత్రికలో వస్తుంది. గోలును కాచినవారి పేరు అప్పుడప్పుడు వస్తుంది. కాని గోలును కాచడానికి సర్వసన్నద్ధులై ఉండి, ఆట ముగిసేవరకు బయటనే కూర్చుండేవారు మరొకరున్నారు. వారే రెండవ గోల్‌కీపరు. ఆ స్థానంలో ఏళ్ల తరబడి నిలిచిన క్రీడాకారిణి మన ప్రాంతపు బిడ్డయే గనుక, ఆ బాధ్యత ఎట్టిదో తెలుసుకొనడం ఉచితంగా ఉంటుంది.

ఆమె పేరు ఎతిమరపు రజని. తలకోన జలపాతమున్న ఎర్రావారిపాళెం మండలంలోని యనమలవారిపల్లె ఆమె స్వగ్రామం. 2022లో జిల్లాల విభజన జరిగేవరకు ఆ ఊరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ ఒక్క చిత్తూరు జిల్లాలోనివే.

హాకీ గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. దాని ఎదుట 14.63 మీటర్ల దూరంలో వలయరేఖ ఉంటుంది. ఆ రేఖ వద్దనుండి గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి గోలును చేరడానికి అరసెకనుకంటె స్వల్పంగా ఎక్కువ కాలం పడుతుంది. పెనాల్టీ కార్నరు సమయంలో గోల్‌కీపరుకు తోడుగా నిలువదగినవారు నలుగురే. కాళ్లకు దళసరి ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు, తలకు శిరస్త్రాణం ధరించి, ఆ అరసెకనులోనే బంతి ఎటు వస్తుందో గ్రహించి శరీరాన్ని అడ్డుపెట్టవలసి ఉంటుంది.

ఇతర క్రీడాకారులను ఆట నడుస్తుండగానే ఎన్నిసార్లయినా మార్చవచ్చును. అందుచేత బయట కూర్చున్నవారికి కూడ కొన్ని నిమిషాలు తప్పక లభిస్తాయి. గోల్‌కీపరు విషయం అట్లు కాదు. గోలు ఒక్కటే, దానిముందు స్థానమూ ఒక్కటే. మొదటివారు గాయపడనిదే, విశ్రాంతి పొందనిదే రెండవవారికి సాధారణంగా అవకాశం రాదు. అయినను సాధనలో మాత్రం ఇద్దరికిని భేదం లేదు. రెండవ గోల్‌కీపరు ప్రతిదినం అవే బంతులను ఎదుర్కొనాలి. ఆమె ఎంత గట్టిగా కాచితే, కొట్టేవారి చేయి అంతగా పదునెక్కుతుంది.

రజనికి ముందు నిలిచినవారు హర్యానాకు చెందిన సవితా పునియా. ఇద్దరూ 1990లోనే జన్మించినారు. రజని జూన్‌లో, సవిత జూలైలో. పెద్దవారు తప్పుకొన్న పిమ్మట తన వంతు వస్తుందన్న ఆశకు ఇక్కడ తావు లేదు. 2017లో జపానులో ఆసియా కప్పు, 2018లో కామన్వెల్తు క్రీడలు, లండనులో ప్రపంచ కప్పు, రజత పతకం తెచ్చిన ఆసియా క్రీడలు, అన్నింటికిని ఈ ఇద్దరూ కలిసియే వెళ్లినారు. ఆసియా కప్పు తుదిపోటీలో చైనాపై 5-4 తేడాతో షూటవుటు గెలిచిననాడు దేశం సవితను కొనియాడినది.

ఒలింపిక్స్ జట్టులో పదహారుగురికే చోటు గనుక ఇబ్బంది మరింత ఎక్కువ. 2016లో రియో క్రీడల ప్రధాన జాబితాలో ఉన్న గోల్‌కీపరు సవిత ఒక్కరే. 2021లో జరిగిన టోక్యో క్రీడలకు రజని అదనపు గోల్‌కీపరుగా వెళ్లినారు. మన మహిళలు అక్కడ ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి నాలుగవ స్థానం పొందినారు.

మరి ఉపయోగించని మనిషిని వెంట తీసుకొనిపోవడం ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. ఇందుకు కెనడాలో మంచుమీద ఆడే హాకీ సమాధానం చెబుతుంది. 2020 ఫిబ్రవరిలో టొరంటోలో కరోలినా జట్టు గోల్‌కీపర్లిద్దరూ ఒకే ఆటలో గాయపడినారు. అప్పుడు మంచును చదునుచేసే యంత్రాన్ని నడిపిన అనుభవమున్న డేవిడ్ ఏర్స్ అనే నలభైరెండేళ్ల వ్యక్తి, అత్యవసర గోల్‌కీపరుగా దిగి ఎనిమిది షాట్లను ఆపినాడు. కరోలినా 6-3తో గెలిచినది. అట్టి దినం ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. తెలియకపోయినను సిద్ధంగా ఉండడమే ఈ వృత్తిధర్మం.

రజనికి ఆ దినం మరొక రూపంలో వచ్చినది. 2024 జనవరిలో మస్కటులో, జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే హాకీకి మహిళల తొలి ప్రపంచ కప్పు జరిగినది. భారత జట్టుకు నాయకురాలు రజని. మనవారు న్యూజిలాండును 11-1తోను, దక్షిణాఫ్రికాను 6-3తోను ఓడించి, తుదిపోటీలో నెదర్లాండ్సు చేతిలో 7-2తో ఓడి రజతం పొందినారు. అప్పటికి ఆమె వయస్సు ముప్పైమూడేండ్లు.

మన బడులలో పరుగెత్తలేని పిల్లను గోలులో నిలబెట్టడం వాడుక. రెండవదానిగా మిగిలిన పిల్లను ఇక మానుకొమ్మనడమూ వాడుకే. ఆ రెండు మాటలూ అనే ముందు యనమలవారిపల్లెను ఒకమారు తలచుకొనడం మంచిది. ఆడిన నిమిషాలను మాత్రమే లెక్కించేవారికి ఇట్టి జీవితం చిన్నదిగా తోచవచ్చును. ఆడడానికి సిద్ధంగా ఉన్న సంవత్సరాలను కూడ లెక్కించినప్పుడే దాని కొలత సరిగా తెలుస్తుంది.